అడాలిముమాబ్ 40 మి.గ్రా. ఇంజెక్షన్: డబ్బా తెరవక ముందే సగం పని ఉంది

డబ్బా చూస్తే ఆర్భాటం ఏమీ ఉండదు. అట్టపెట్టెలో ముందే మందు నింపిన సిరంజి ఒకటి, కొన్ని ప్యాకుల్లో సిరంజికి బదులు పెన్ను, చీమలబారు అక్షరాలతో మడతలు మడతలుగా ఒక కాగితం. సిరంజిలో మందు మహా అయితే 0.8 మి.లీ. టీ చెంచాలో ఆరోవంతు కూడా నిండదు. నీళ్లలా కనిపించే ఆ కాస్త ద్రవాన్నే రుమటాయిడ్ కీళ్లవాతానికీ, వెన్ను కర్రలా బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కూ, సోరియాసిస్‌కూ, పేగుల్లో పుండ్లు పడే క్రోన్స్‌కూ, కంట్లో వచ్చే యువియైటిస్‌కూ, చంకల్లో గజ్జల్లో గడ్డలు కట్టే హైడ్రాడినైటిస్‌కూ రాస్తారు. కంటికీ పేగుకీ మోకాలికీ ఒకటే మందేమిటి, ఇదేమైనా సర్వరోగ నివారిణా అన్న అనుమానం రావడం సహజమే. దానికి జవాబు తెలిస్తే ఈ మందు ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బ కొడుతుందో రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

ముందు ఏ సరుకు గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవాలి. అమెరికాలో ఈ మందుకు 2002 డిసెంబరు 31న హ్యూమిరా పేరుతో అనుమతి వచ్చింది. ప్రపంచంలో దీని తొలి బయోసిమిలర్, అంటే అసలు మందును పోలి వేరే కంపెనీ చేసేది, వచ్చింది మన దేశంలోనే, 2014 డిసెంబరులో జైడస్ వాళ్ల ఎగ్జెంప్టియా. తర్వాత టోరెంట్ వాళ్ల అడ్‌ఫ్రార్, హైదరాబాద్ హెటెరో వాళ్ల మాబ్యురా వరసగా వచ్చాయి. ఇక్కడ కంపెనీలకు ర్యాంకులు ఇవ్వడం లేదు. అందరిదీ ఒకే అమైనో ఆమ్లాల వరస. చూడాల్సింది ఆ అణువు పనితనం, ప్యాకింగు, కొనే పద్ధతి, వాడే పద్ధతి.

బయోసిమిలర్ అంటే జనరిక్ మాత్ర లాంటిది కాదా అంటే, కాదు. పారాసెటమాల్ అణువు బరువు 151 డాల్టన్లు, దాన్ని రసాయనాలు కలిపి చేస్తారు. అడాలిముమాబ్ దాదాపు 1,48,000 డాల్టన్లు, 1330 అమైనో ఆమ్లాల ప్రొటీను. చైనా జాతి హ్యామ్‌స్టర్ అండాశయ కణాలను పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి, వాటితో తయారు చేయించి, వడకట్టి తీస్తారు. ప్రొటీను కాబట్టే మాత్రగా మింగితే కడుపులో అరిగిపోతుంది, సూదే గతి. ప్రొటీను కాబట్టే ఫ్రిజ్ కావాలి, కుదపకూడదు, గడ్డకట్టించకూడదు. ఖరీదుకూ మూలం అదే.

ఇక ఇది ఒంట్లో దేన్ని పట్టుకుని పనిచేయకుండా ఆపుతుంది అన్నది. పేరు టీఎన్ఎఫ్, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్. 1975లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం ఎలుకల్లో కణితులను కుళ్లబెట్టే పదార్థంగా దీన్ని చూసి ఆ పేరు పెట్టింది. పదేళ్లకు, జబ్బు పడ్డ జంతువు ఒళ్లు చిక్కి శల్యం కావడానికి కారణమయ్యే క్యాకెక్టిన్ అనేది కూడా ఇదేనని తేలింది. కణితులను చంపుతుందని పేరుపడ్డది చివరికి కీళ్ల డాక్టర్ల చీటీ ఎక్కింది. పేరుకూ పనికీ పొంతన లేకపోవడం ఈ రంగంలో మామూలే.

ఇది మాక్రోఫేజ్ లాంటి రక్షణ కణాల పొరకు అతుక్కుని 233 అమైనో ఆమ్లాల పొడవున పుడుతుంది. టేస్ అనే ఎంజైము కత్తెరలా దాని బయటి 157 అమైనో ఆమ్లాల ముక్కను కోస్తుంది. అలాంటి ముక్కలు మూడు జట్టుకట్టి రక్తంలోకీ కీలు నీటిలోకీ వెళ్తాయి. వాటి సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు, అంటే కణాల మీది కొక్కేలు, రెండు రకాలు. మొదటిది ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా ఉంటుంది. రెండోది ఎక్కువగా రోగనిరోధక కణాల మీదా రక్తనాళాల లోపొర మీదా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడో క్రిమి దూరినప్పుడో టీఎన్ఎఫ్ వెళ్లి రక్తనాళం గోడను జిగురుగా చేస్తుంది. తెల్లకణాలు అక్కడ ఆగి బయటికి దూరతాయి. జ్వరం వస్తుంది. టీఎన్ఎఫ్ లాగే కణాల మధ్య కబురు మోసే ప్రొటీను (సైటోకైన్) ఐఎల్-6 పుట్టి, కాలేయం చేత సీఆర్పీ అనే ప్రొటీను తయారు చేయిస్తుంది, రక్త పరీక్షలో వాపును చూపించేది అదే. రెండు రోజుల్లో పని ముగిసి ఇదంతా సద్దుమణిగితే మంచిదే, అది మన కాపలా. సద్దుమణగకపోతేనే జబ్బు. కీలు లోపొర ఉబ్బి, అందులోని కణాలు మృదులాస్థిని తినే ఎంజైములు వదులుతాయి. ఎముకను అరగదీసే ఆస్టియోక్లాస్టులు పుట్టుకొస్తాయి. ఎక్స్‌రేలో ఎముక అంచు ఎలుక కొరికినట్టు కనిపిస్తుందే, అది వాటి పనే.

దీన్ని అదుపులో పెట్టడానికి ఒంట్లో సొంత బ్రేకులు ఉన్నాయి. గ్రాహకాలు కణం మీంచి తెగి రక్తంలో తేలుతూ మిగులు టీఎన్ఎఫ్‌ను తుడిచేస్తాయి. ఇంకో బ్రేకు మరీ లోపల ఉంది. టీఎన్ఎఫ్ తయారీ ఉత్తర్వు మోసే ఆర్ఎన్ఏ తోకలో ఒక చిన్న భాగం ఉంటుంది, ఆ ఉత్తర్వు ఎక్కువసేపు నిలవకుండా చెరిపేయించడం దాని పని. 1999లో ఎలుకల్లో సరిగ్గా ఆ భాగాన్ని తీసేసి చూశారు. ఆ ఎలుకలకు కీళ్లవాతం వచ్చింది, పేగు చివర క్రోన్స్ లాంటి పుండ్లూ వచ్చాయి. ఒక్క బ్రేకు పోతే కీలూ పేగూ రెండూ తగలబడ్డాయి. పైన వచ్చిన అనుమానానికి ఇంతకన్నా తేటైన జవాబు లేదు. జబ్బుల పేర్లు వేరు, డాక్టర్లు వేరు, లోపల మంట పెట్టేవాటిలో పెద్దది ఒకటే.

వాపు పెంచే సైటోకైన్లు డజన్ల కొద్దీ ఉండగా ఒక్కదాన్ని ఆపితే ఏమొస్తుందని మొదట్లో చాలామంది పెదవి విరిచారు. 1989లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ బృందం రోగుల కీళ్ల కణజాలాన్ని గాజు పాత్రలో పెట్టి టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే ఐఎల్-1 అనే మరో సైటోకైన్ కూడా పడిపోయింది. తూము దగ్గర పలక దించితే పిల్లకాలువలు ఎండినట్టు. 1992లో తొలిసారి రోగులకు ఎక్కించారు. ఆ తొలి మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్, అందులో కొంత భాగం ఎలుక ప్రొటీను. అడాలిముమాబ్ పూర్తిగా మనిషి ప్రొటీను వరసతో చేసింది. పేరు చివరి ‘ఉమాబ్’ (-umab) అక్షరాలకు అర్థం అదే.

పనితనం విషయానికొస్తే, చర్మం కింద వేసిన మందులో సుమారు 64 శాతం రక్తంలోకి చేరుతుంది. గరిష్ఠ స్థాయికి ఐదు రోజులు పడుతుంది. సగం తగ్గడానికి రెండు వారాలు. అందుకే కీళ్లవాతానికి రెండు వారాలకొకటి, 40 మి.గ్రా. ఈ లెక్క తెలియక మొదటి సూది వేసిన మర్నాడే ‘ఏం తేడా లేదు’ అని నిరాశపడతారు. కొందరికి రెండో వారంలోనే పొద్దుటి బిగుతు తగ్గుతుంది, మరికొందరికి మూడు నెలలు పడుతుంది. లేచాక వేళ్లు వదులు కావడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో క్యాలెండర్లో రాసుకోవడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. దానికి తోడు సీఆర్పీ. పన్నెండు వారాలు సరిగ్గా వాడినా రెండూ కదలకపోతే మందు మార్చే సంగతి డాక్టరుతో మాట్లాడాలి, ఇంకో ఆరు నెలలు చూద్దామని సాగదీయడం దండగ.

అందరికీ రెండు వారాలకొకటి అనుకోవద్దు. క్రోన్స్‌కు మొదటి రోజు 160 మి.గ్రా., పదిహేనో రోజు 80, ఆ తర్వాత రెండు వారాలకొకసారి 40. అంటే మొదటి రోజే నాలుగు సిరంజిలు. సోరియాసిస్‌కు మొదట 80, వారం తర్వాత 40, అక్కణ్నుంచి రెండు వారాలకొకటి. హైడ్రాడినైటిస్‌కు 160, 80 అయ్యాక ఇరవై తొమ్మిదో రోజు నుంచి వారం వారం 40. చీటీ సరిగా చదవకుండా ‘అందరూ రెండే కొంటారు’ అని రెండు డబ్బాలు చేతిలో పెట్టే షాపు ఉంటే, మొదటి మోతాదు దగ్గరే తేడా కొడుతుంది.

కీళ్లవాతానికి చాలాకాలంగా వాడుతున్న చవక మాత్ర మెథోట్రెక్సేట్. దానితో పోలిస్తే కీళ్లవాతం వాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకెలు మూడు. జబ్బు కొత్తగా మొదలైన వాళ్ల మీద జరిగిన ప్రీమియర్ అధ్యయనంలో ఏడాది తర్వాత, లక్షణాలు కనీసం సగం తగ్గిన వాళ్లు అడాలిముమాబ్, మెథోట్రెక్సేట్ కలిపి వాడినవాళ్లలో 62 శాతం, మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడినవాళ్లలో 46, అడాలిముమాబ్ ఒక్కటే వాడినవాళ్లలో 41. మళ్లీ చదవండి. వేలు పోసి కొన్న సూది ఒంటరిగా వేస్తే చవక మాత్రను మించలేదు. రెండూ కలిస్తేనే పంట. ‘బయోలాజిక్ (ఇలా కణాలతో చేయించే మందు) మొదలుపెట్టాం కదా’ అని మెథోట్రెక్సేట్ మానేయడం చేతిలో డబ్బు పారబోసుకోవడమే.

దానికి ఇంకో కారణమూ ఉంది. ఎంత మనిషి ప్రొటీను అయినా బయటిది బయటిదే, ఒళ్లు దాని మీదా యాంటీబాడీలు తయారు చేస్తుంది. 272 మంది కీళ్లవాతం రోగులను మూడేళ్లు చూసిన డచ్ అధ్యయనంలో 28 శాతం మందిలో అవి వచ్చాయి, వాళ్లలో మూడింట రెండొంతుల మందికి మొదటి 28 వారాల్లోనే. అవి మందును పట్టేసుకుంటాయి, రక్తంలో మందు స్థాయి పడిపోతుంది, ‘ఆర్నెల్లు బాగా పనిచేసి ఆగిపోయింది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఇదే. మెథోట్రెక్సేట్ ఆ యాంటీబాడీలను తగ్గిస్తుంది. వారానికి 10 మి.గ్రా. చాలావరకు సరిపోతుంది, 20కి పెంచితే ఈ విషయంలో ఒరిగేది పెద్దగా లేదని కాన్సెర్టో అధ్యయనం తేల్చింది. ఆ 10 మి.గ్రా. వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఏ రోజో చీటీ మీద వారం పేరుతో రాయించుకోవాలి, ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. డోసు తప్పిస్తూ, మళ్లీ మొదలుపెడుతూ వాడేవాళ్లలో యాంటీబాడీల బెడద ఎక్కువ. డబ్బు సర్దుబాటు కాకే చాలామంది అలా చేస్తారు. అలాంటప్పుడు కనీసం ఆరు నెలలకు సర్దుబాటు ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టడం నయం.

ఈ సరుకుకు మార్కులు కోసేది టీబీ దగ్గర. శీర్షికలో అన్న ‘సగం పని’ ఇదే.

మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిములు నిద్రపోతూ ఉంటాయి. ఒళ్లు వాటిని పూర్తిగా చంపలేక చుట్టూ మాక్రోఫేజ్‌లతో దడి కడుతుంది, దాని పేరు గ్రాన్యులోమా. ఆ దడిని రోజూ బాగుచేస్తూ నిలబెట్టే మేస్త్రి టీఎన్ఎఫ్. అడాలిముమాబ్ ఆ మేస్త్రిని పనిలోంచి తీసేస్తుంది. మోకాలి దగ్గర కాపలా తీసి ఊపిరితిత్తి దగ్గర ఉంచు అని చెప్పే వీలు ఈ మందుకు లేదు. 2001లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద వచ్చిన నివేదికలో టీబీ బయటపడ్డ 70 మందిలో 48 మందికి మూడు డోసులలోపే వచ్చింది. 40 మందికి ఊపిరితిత్తుల బయట వచ్చింది. బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కల ప్రకారం ఏడాదికి లక్ష మందిలో అడాలిముమాబ్ మీద 144 మందికి, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద 136 మందికి, టీఎన్ఎఫ్‌నే ఆపే ఇంకో మందు ఎటనర్సెప్ట్ మీద 39 మందికి టీబీ వచ్చింది. అది టీబీ తక్కువ ఉన్న దేశం సంగతి.

కాబట్టి మొదటి డబ్బా కొనక ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (ముంజేతి చర్మంలో సూదితో చేసే టీబీ పరీక్ష) లేదా టీబీ గోల్డ్ రక్త పరీక్ష, హెపటైటిస్ బికి మామూలుగా చేసే హెచ్‌బీఎస్ఏజీతో పాటు హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ, హెపటైటిస్ సి, హెచ్ఐవీ, సీబీసీ, లివర్ పరీక్షలు. కోర్ యాంటీబాడీని చాలాచోట్ల వదిలేస్తారు. హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్ వచ్చినా పాత హెపటైటిస్ బి లోపల దాగి ఉండొచ్చు, ఈ మందుతో అది మళ్లీ లేస్తుంది. అడిగి రాయించుకోండి.

మాంటూలో తప్పు జరిగేది చదివేటప్పుడు. 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి, మర్నాడే కాదు. ఎర్రదనాన్ని కొలవకూడదు. చేతి మీద ఉబ్బి గట్టిపడ్డ భాగాన్ని వేలితో తడిమి, బాల్‌పెన్నును పక్క నుంచి మెల్లగా జరుపుతూ అది తట్టుకుని ఆగిన చోట రెండు వైపులా గీత పెట్టి, ముంజేతికి అడ్డంగా ఆ రెండు గీతల మధ్య మిల్లీమీటర్లు కొలవాలి. మామూలు మనిషికి 10 మి.మీ. పాజిటివ్ అనుకుంటే, ఈ మందు మొదలుపెట్టబోయేవాళ్లకు 5 మి.మీ. చాలు. ల్యాబ్ కాగితం మీద ‘7 మి.మీ., నెగెటివ్’ అని ఉంటే ఆ నెగెటివ్‌ను నమ్మొద్దు. బీసీజీ టీకా వల్ల మాంటూ అబద్ధపు పాజిటివ్ రావచ్చు, టీబీ గోల్డ్‌కు ఆ ఇబ్బంది లేదు. స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతుంటే రెండూ అబద్ధపు నెగెటివ్ ఇవ్వచ్చు. నిద్రలో ఉన్న టీబీకీ రగులుతున్న టీబీకీ తేడా ఈ రెండు పరీక్షలూ చెప్పవు, అందుకే ఎక్స్‌రే, దగ్గు, జ్వరం సంగతులు తప్పనిసరి.

పాజిటివ్ వచ్చి, రగులుతున్న టీబీ లేదని తేలితే కంగారు అక్కర్లేదు. ఆరు నెలల ఐసోనియాజిడ్ కానీ, ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొక డోసు చొప్పున పన్నెండు వారాలు కానీ వాడతారు. కనీసం ఒక నెల గడిచాకే అడాలిముమాబ్ మొదటి సూది. 2021 నాటి మన జాతీయ మార్గదర్శకాల్లో ఈ తరహా మందులు మొదలుపెట్టేవాళ్లను నివారణ చికిత్స ఇవ్వాల్సిన వాళ్లలో చేర్చారు. ప్రభుత్వ టీబీ కేంద్రంలో అడగండి. ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్ రెండూ కాలేయం మీద పడేవే, నెలకోసారి లివర్ పరీక్ష వదలకూడదు.

పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చినా ఊపిరి పీల్చుకుని మర్చిపోవడానికి లేదు, మన ఊళ్లలో కొత్తగా అంటుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ, తగ్గని దగ్గు, కడుపులో నీరు, వీటిలో ఏది కనిపించినా తర్వాతి సూది ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కీళ్లవాతం కదా, నీరసం మామూలే అనుకుని రెండు డోసులు ఎక్కువ వేసుకున్నవాళ్లకే పెద్ద నష్టం.

ఇక కొనడం. డబ్బా మీద ఎమ్మార్పీకీ షాపువాళ్లు ఇచ్చే రేటుకూ చాలా తేడా ఉంటుంది. రెండు మూడు చోట్ల అడగకుండా మొదటి షాపులోనే బిల్లు కట్టేయడం తొందరపాటే. ధర కంటే ముందు అడగాల్సింది ఎక్కణ్నుంచి, ఎలా వచ్చిందని. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మాకోల్ డబ్బాలో ఇచ్చేటప్పుడు గడ్డకట్టిన ఐస్ ప్యాకుకు మందు డబ్బా నేరుగా ఆనుకుని ఉంటే ఒప్పుకోవద్దు, మధ్యలో కనీసం మడతపెట్టిన గుడ్డో అట్టో ఉండాలి. జనం వేడికి భయపడతారు కానీ ఇలాంటి మందులను చెడగొట్టడంలో గడ్డకట్టడం వేడి కంటే తక్కువది కాదు. గడ్డకట్టి కరిగిన ప్రొటీను ఉండలు కడుతుంది. అన్నిసార్లూ కంటికి కనబడదు, సిరంజిలో తేటగానే ఉండొచ్చు, పనిమాత్రం పోతుంది. ఒకసారి గడ్డకట్టిందని తెలిస్తే ఎంత ఖరీదైనదైనా పారేయాల్సిందే. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండాలి. అది లేని బిల్లు తీసుకోవద్దు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, ఫ్రీజర్ కింది అరలో వెనక గోడకు ఆనించీ పెట్టొద్దు. మధ్య అరలో, అట్టపెట్టెలోనే, వెలుతురు తగలకుండా. అసలు కంపెనీ కాగితం ప్రకారం 25 డిగ్రీలు మించకుండా బయట 14 రోజుల వరకు ఉంచొచ్చు, బయటికి తీసిన తేదీ డబ్బా మీద రాసుకోవాలి. బయోసిమిలర్లలో ఈ గడువు మారుతుంది, మీ డబ్బాలోని కాగితమే ప్రమాణం. 25 డిగ్రీలు అంటున్నారు గమనించండి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గది వేడిని ‘రూమ్ టెంపరేచర్’ అనుకుంటే మందు ఉడికినట్టే. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకపోవడమే సగం రక్షణ. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఈ డబ్బాను చెక్-ఇన్ సామాన్లో వేయొద్దు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీతో చేతి సంచిలో పెట్టుకోవాలి.

ప్యాకుల్లో నిజంగా తేడా తెలిసేది మంట దగ్గర. పాత ఫార్ములాలో 0.8 మి.లీ.లో 40 మి.గ్రా., అందులో సిట్రేట్ బఫర్ ఉంటుంది. సూది దిగాక పది సెకన్లు కందిరీగ కుట్టినట్టు మండేది చాలావరకు దాని వల్లే. కొత్త ఫార్ములాలో సిట్రేట్ లేదు, 0.4 మి.లీ.లోనే 40 మి.గ్రా. పట్టించారు, సూదీ సన్నం. డబ్బా వెనక ఇతర పదార్థాల జాబితాలో సోడియం సిట్రేట్, సిట్రిక్ యాసిడ్ ఉన్నాయేమో చూడండి. దొరికే చోట సిట్రేట్ లేనిదే మా ఓటు, ముఖ్యంగా పిల్లలకు.

సిరంజా, పెన్నా? వేళ్లు వంకరపోయినవాళ్లు సన్నని సిరంజిని పట్టుకుని బొటనవేలితో పిస్టన్ నొక్కడం కష్టం, వాళ్లకు పెన్నే మేలు, పిడికిలితో పట్టుకోవచ్చు. వేళ్లు బాగున్నవాళ్లకు సిరంజిలో ఒక సుఖం ఉంది, మంట ఎక్కువైతే మెల్లగా తోయొచ్చు. పెన్ను స్ప్రింగు మన మాట వినదు.

వేసే తీరు ఇది. ఫ్రిజ్‌లోంచి తీసి 15 నుంచి 30 నిమిషాలు బల్ల మీద ఉంచాలి, మూత తీయకుండా. చల్లగా వేస్తే నొప్పి ఎక్కువ. వేణ్నీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం వద్దు. గడువు తేదీ చూడాలి. మందు తేటగా ఉండాలి, మబ్బుగా ఉన్నా రేణువులు తేలుతున్నా వాడొద్దు. చిన్న గాలి బుడగ ఉంటే పరవాలేదు, అది చర్మం కిందికి వేసే సూది. తొడ ముందు భాగం, లేదా బొడ్డు నుంచి రెండంగుళాలు వదిలి పొట్ట. పోయినసారి వేసిన చోటికి కనీసం అంగుళం దూరం. సోరియాసిస్ మచ్చ మీద, కమిలిన చోట వద్దు. స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితే ఆ మంటను మందు మీదికి నెట్టేస్తారు. సిరంజి అయితే చర్మాన్ని చిటికెతో పట్టి 45 డిగ్రీల వాలులో. పెన్ను అయితే నిటారుగా ఆనించి నొక్కి, క్లిక్ వినపడ్డాక కదపకుండా, కిటికీలో రంగు మొత్తం నిండేదాకా, 10 నుంచి 15 సెకన్లు. మొదటి క్లిక్ వినగానే పెన్ను ఎత్తేయడమే అందరూ చేసే తప్పు. అలా ఎత్తేసి మందు తొడ మీద కారిపోతే డోసులో కొంత పోయినట్టే, దాని కోసం ఇంకో పెన్ను తెరవకూడదు, డాక్టరును అడగాలి. తర్వాత దూదితో పది సెకన్లు అదిమి పట్టడమే, రుద్దొద్దు. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి.

వేసిన చోట రెండు మూడు రోజులు ఎర్రగా దురదగా ఉండటం మామూలు. డోసు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు తేదీకే. జ్వరంతో కూడిన ఇన్ఫెక్షన్ ఉన్న వారం వేసుకోవద్దు. సోరియాసిస్‌కు మందైన ఇదే కొందరికి అరచేతుల్లో, అరికాళ్లలో సోరియాసిస్ తెస్తుంది, చిత్రమే కానీ నిజం. గుండె బాగా బలహీనపడ్డవాళ్లకు, మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉంటే చివరి సూది తర్వాత మూడో వారంలో పడేట్టు తేదీ పెట్టించుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవచ్చు, బతికున్న క్రిములతో చేసే టీకాలు కూడదు. గర్భిణిగా ఉండగా ఈ మందు వాడి ఉంటే, పుట్టిన బిడ్డకు బీసీజీ వెంటనే వేయించకూడదు. తల్లి చివరి సూదికీ దానికీ మధ్య కనీసం ఐదు నెలలు ఉండాలి. మన ఆసుపత్రుల్లో పుట్టిన రోజే బీసీజీ వేసేస్తారు, కాబట్టి ప్రసవానికి ముందే పిల్లల డాక్టరుకు చెప్పి కేసు షీటు మీద రాయించాలి.

పోటీ సరుకుతో పోలిస్తే? ఎటనర్సెప్ట్ వారం వారం వేసుకోవాలి. టీబీ భయం తక్కువ, కానీ క్రోన్స్‌కు పనిచేయదు, కంటికి నమ్మకం లేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ఆసుపత్రిలో గంటల తరబడి సెలైన్‌లా ఎక్కించాలి, సూది వేసుకోవడానికి భయపడేవాళ్లకు అదే నయం. టోఫాసిటినిబ్ మాత్ర చవక, ఫ్రిజ్ బాధ లేదు. అయితే యాభై దాటి గుండె జబ్బు ముప్పు ఉన్నవాళ్లలో గుండెపోట్లు, క్యాన్సర్లు టీఎన్ఎఫ్ మందుల కంటే ఎక్కువని పెద్ద అధ్యయనంలో తేలాక 2021లో అమెరికా హెచ్చరిక కఠినం చేసింది. చవక కదా అని పెద్దవయసు వాళ్లు ముందు దానివైపు వెళ్లడం మాకు నచ్చదు.

మా మార్కులు: పనితనానికి ఐదుకు నాలుగున్నర, మెథోట్రెక్సేట్ తోడుంటేనే. సిట్రేట్ ఉన్న ప్యాకుకు మూడు, లేనిదానికి నాలుగున్నర. భద్రతకు, టీబీ పరీక్షలు పూర్తిచేసినవాళ్లకు నాలుగు. చేయించుకోనివాళ్లకు మార్కులు వేయడం లేదు, వాళ్లు ఇంకా కొనకూడదు. ఇప్పటికే కొని ఫ్రిజ్‌లో పెట్టేసి ఉంటే, డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి. నెల రోజుల నివారణ చికిత్సకు సరిపడా వ్యవధి మామూలుగా ఉంటుంది, తొందరపడి తెరవాల్సిన పని లేదు.